మొదటి వరసలో టిష్యూ ప్యాకెట్

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఇంటర్నెట్‌లో దొరకని చదువంటూ లేదని ఒకటి. సింగపూర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ జోలికి ఎవరూ రారని రెండోది. తినడానికి వెళ్లినా, తాగడానికి వెళ్లినా ముందు కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేస్తే చాలు, తిరిగొచ్చేదాకా ఆ కుర్చీ మనదే. 'చోప్' చెయ్యడం అంటారు దాన్ని. ఇక్కడికొచ్చిన ఆరు నెలల్లో నేను పూర్తిగా ఒంటబట్టించుకున్న విద్య అదొక్కటే. అయితే ఆ 'ఎవరూ' అన్న మాట బతికున్నవాళ్లకే వర్తిస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, అప్పట్లో వారం రోజులు లైటార్పి పడుకున్నానంటే ఒట్టు.

బీటెక్ మూడో ఏడాదిలో వదిలేసిన ఘనుణ్ని నేను. (కారణం అడక్కండి. మా నాన్న ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.) తర్వాత బుద్ధి తెచ్చుకుని ఒక అమెరికా కాలేజీలో ఆన్‌లైన్ డిగ్రీకి చేరాను. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక ఆఫీసువాళ్లు కాంట్రాక్టు మీద తీసుకుని, నెలాఖరులోగా డిగ్రీ చూపిస్తే పర్మనెంట్, లేకపోతే పెట్టె సర్దుకోవడమేనని తేల్చి చెప్పారు. మిగిలింది ఒక్క కోర్సు, 'స్టేట్ అండ్ లోకల్ గవర్నమెంట్'. ఏరి కోరి తీసుకున్నది కాదు, మిగతావన్నీ నిండిపోయాయి. ప్రొఫెసరమ్మ ఆఖరి పరీక్షగా ఒక పని అప్పగించింది. మీ ఊరి స్థానిక ప్రభుత్వ సమావేశానికి వెళ్లండి, పదేళ్లకు పైగా అక్కడికి వస్తున్న ఒక పౌరుడితో మాట్లాడండి, అతని సంతకంతో రిపోర్టు పంపండి. సంతకం లేకపోతే సున్నా. తోటి విద్యార్థులంతా కౌంటీ మీటింగు, స్కూల్ బోర్డు మీటింగు అంటూ ఫోటోలు పెట్టేస్తున్నారు. నేనున్నదేమో రాష్ట్రం, జిల్లా, ఊరు అన్నీ ఒకటే అయిన దేశం. ఆవిడకి ఈ సంగతి మెయిల్ రాస్తే, "స్థానిక ప్రభుత్వం లేని చోటు ఉండదు, వెతుకు" అని జవాబొచ్చింది. వెతికాను.

క్లెమెంటిలో మా బ్లాకు కింద ఒకరోజు పెద్ద గుడారం వేశారు. ఎదురుగా స్టేజీ, మైకు, వరసలుగా ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీలు. లిఫ్ట్ పక్కన చీనా భాషలో ఒక నోటీసు అంటించారు. అందులో నాకు అర్థమైనవి మా బ్లాకు నంబరు, ఏడు గంటలు. అక్కడే చదరంగం ఆడుకుంటున్న చీనా అంకుల్‌ని, "మీటింగా అంకుల్?" అనడిగాను. ఆయన బోర్డు మీంచి తలెత్తకుండా, "యా, యా. ఎవ్రీబడీ కమ్ లా. వన్ ఇయర్ వన్ టైమ్" అన్నాడు. ఏడాదికోసారి, అందరూ వస్తారు! సర్వసభ్య సమావేశం కాక మరేమిటి? ఆరు గంటలకే దిగి, మొదటి వరస నడిమధ్య కుర్చీని టిష్యూ ప్యాకెట్‌తో చోప్ చేసి, కాఫీ తాగడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి వెనక వరసలన్నీ నిండిపోయాయి. ముందు వరస మాత్రం మొత్తం ఖాళీ. వేదిక ముందు కూర్చోవడానికి మొహమాటపడే జనం మన దగ్గరా ఉంటారుగా, వీళ్లూ అంతేననుకున్నాను. ఒక్కో కుర్చీ మీద చేమంతి టీ ప్యాకెట్ పెట్టి ఉంది. ప్రభుత్వ మర్యాద కాబోలని నాది తాగేసి, దాహం తీరక పక్క కుర్చీదీ తాగాను. వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన శబ్దం వినబడింది. గుడారం అవతల కొందరు ఇనప పీపాలో కాగితాలు వేసి కాలుస్తున్నారు. 'చెత్త నిర్వహణలో ప్రజల భాగస్వామ్యం' అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పొద్దు కుంకింది. ఫ్యాను లేదు, గాలి లేదు, అయినా ఆ వరసలో ఏదో చల్లదనం. వెనక్కి తిరిగితే వందమంది నన్నే చూస్తూ, చప్పున చూపులు తిప్పుకున్నారు. ఒక తల్లి తన పిల్లాడి కళ్లు చేత్తో మూసేసింది.

అప్పుడు సరిగ్గా నా కుడిచెవి వెనక నుంచి తెలుగు వినబడింది.

"ఎన్నాళ్లయింది బాబూ ఒచ్చి?"

తెల్లచీర, తెల్లజుట్టు, ముడతలు పడ్డ మొహం. రెండో వరసలోంచి ముందుకు వంగి ఉందొక ముసలావిడ. ఎప్పుడో తాతల కాలంలో ఓడెక్కి వచ్చేసిన మన కోస్తావాళ్ల కుటుంబాలు ఇక్కడున్నాయని విన్నాను గానీ, ఎవర్నీ చూడలేదు. "ఆరు నెలలండి" అన్నాను.

"పాపం, సిన్న వొయిసు. మకాన్ అయిందా? మీవోళ్లు పెడతన్నారా తిండి?" మకాన్ అంటే ఇక్కడి మాటల్లో భోజనం. ఎక్కడో అక్కడ తింటున్నానన్నాను. ఆవిడ తల పంకించింది. "ఆ కుర్సీ ఒకరిది బాబూ. పరవాలేదు, కూకో. ఆయనేటి అనడు." ఆ 'ఆయన' కోసం చుట్టూ చూశాను. ఎవరూ లేరు. సరే, నా పని నాది కదా. నోట్‌బుక్ తెరిచి, ఎన్నేళ్లుగా వస్తున్నారండీ అనడిగాను.

"నానా? ముప్పై యేళ్లు దాటింది."

ఫిర్యాదులేమైనా ఉన్నాయా అన్నాను. ఆవిడ నా టిష్యూ ప్యాకెట్‌లోంచి ఒకటి లాక్కుని కళ్లు తుడుచుకుంది. "లిప్టు ఆగదు బాబూ మా అంతస్తులో. ఆరులో ఆగుతాది, మాది ఎనిమిది. రెండంతస్తులు దిగాల. అదొక్కటీ రాసుకో. నా గురించి మాత్రం ఇంకొన్నాళ్లు ఒగ్గీమని మీ పెద్దాయనకి సెప్పు."

"తప్పకుండా చెబుతానండి. మీ పేరూ, ఇక్కడొక సంతకం" అంటూ కాగితం తీసి తలెత్తేసరికి రెండో వరసలో ఆ కుర్చీ ఖాళీ.

ఇంతలో స్టేజీ మీద లైట్లు వెలిగాయి. తళుకుల గౌనులో ఒకావిడ వచ్చి, ఆ ఖాళీ వరసకి ఒంగి ఒంగి దండం పెట్టి, పాట అందుకుంది. ప్రభుత్వ సమావేశం ఇలా మొదలవుతుందని మా పాఠంలో ఎక్కడా లేదు. మెల్లగా లేచి లిఫ్ట్ ఎక్కి పదకొండు నొక్కాను. లిఫ్ట్ ఎనిమిదిలో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. బయట ఎవరూ లేరు. ఆగదన్న అంతస్తులో ఆగిన ఆ లిఫ్ట్‌లో నిలబడి, తలుపులు మూసుకునేదాకా నేను ఊపిరి పీల్చలేదు.

నేను అద్దెకున్న ఇంటి ఓనరు గుంటూరావిడ. ఫ్రిజ్ మీద కూడా రూల్స్ అంటించేది కాబట్టి నేను రూల్స్ ఆంటీ అని పేరు పెట్టుకున్నాను. జరిగింది చెప్పేసరికి ఆవిడ చేతిలో గరిట జారిపోయింది. "ముందు వరసలో కూర్చున్నావా? ఓరి నీ అసాధ్యం కూలా! అది ఏడో నెలయ్యా! వాళ్ల పంచాంగంలో చచ్చిపోయినోళ్లు కిందకొచ్చే నెల, మన మహాలయ పక్షాల్లాగా. ఆ పాటలు వాళ్ల కోసం, ఆ కాగితాలు కాల్చేది వాళ్ల కోసం, ఆ వరస వాళ్ల కోసం. నువ్వెళ్లి చోప్ చేశావా?" టీ కూడా తాగానని చెప్పడానికి నోరు రాలేదు. "ఇంకోటి విను. ఎనిమిదిలో లిఫ్ట్ ఆగకపోవడమేంది? మేమొచ్చి పదేళ్లయింది, ఆ రోజు నుంచీ ఆగుతూనే ఉంది. ఎప్పుడో పాతకాలంలో ఆగేది కాదంట. ఎవరితో మాట్లాడొచ్చావయ్యా నువ్వు?" ఆంటీ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఘాటుకి ఫ్లాట్‌లో పొగ అలారం మోగింది, అది వేరే గొడవ.

భయం సంగతి అలా ఉంచితే, గడువు ఇంకా ఐదు రోజులే ఉంది. మళ్లీ సమావేశం ఏడాది తర్వాత గానీ లేదు. ఆవిడ బతికుంటే సంతకం, లేకపోతే నాకు సున్నా, సున్నా అంటే విమానం టికెట్టు. మూడు రోజులు తటపటాయించి, శనివారం మిట్టమధ్యాహ్నం (దయ్యాలకి ఎండ పడదని మా మేనత్త అనేది) జేబులో నిమ్మకాయ పెట్టుకుని ఎనిమిదో అంతస్తుకి వెళ్లాను. వరండా పొడుగునా ఒక్క అలికిడి లేదు. చివరి ఇంటికి ఎండిపోయిన మామిడాకుల తోరణం, ఇనప గ్రిల్లు, లోపల చీకటి. ఆ చీకట్లో దీపం ముందు దండేసిన ఫోటో ఒకటి కనిపిస్తోంది గానీ ఎవరిదో తెలియడం లేదు. "అమ్మమ్మగారూ" అన్నాను.

తెల్లచీర గ్రిల్లు దాకా వచ్చింది. నన్ను చూడగానే కంచం కింద పడేసి కెవ్వుమంది. "ఒచ్చీసినావా! అప్పుడే ఒచ్చీసినావా!"

నేనూ కెవ్వుమన్నాను. మతిపోయి, నేర్చుకొచ్చిన మాటే అనేశాను. "సంతకం కావాలండీ!"

"నానెట్టను! సంతకం ఎట్టను! ఇంకొన్నాళ్లు ఒగ్గీమని సెప్పినాను కదా!" అంటూ ఆవిడ నిలువెల్లా వణికిపోయింది. ఆ వణుకు చూశాక గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. చచ్చినవాళ్ల వరసలో కూర్చుని, చచ్చినవాళ్ల టీ తాగి, పుస్తకం తెరిచి ఎన్నేళ్లయింది, పేరేమిటి అంటూ రాసుకునేవాణ్ని ఎవరనుకుంటారు? ఆవిడ నన్ను చిత్రగుప్తుడి గుమాస్తా అనుకుంది! ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి గ్రిల్లు సందులోంచి చెయ్యి పెట్టి నన్ను గట్టిగా గిల్లింది. "ఎచ్చగానే ఉన్నావు" అంది.

"మీరూ వెచ్చగానే ఉన్నారండీ" అన్నాను. ఇద్దరం అక్కడే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం.

ఫోటో ఆవిడ భర్తది. హార్బర్‌లో చీనావాళ్లతో కలిసి పనిచేసేవాడట, వాళ్ల పాటలంటే ప్రాణమట. ఆయన పోయినప్పటి నుంచీ ముందు వరస నడిమధ్య కుర్చీలో ఆయన కూర్చుంటాడని ఆవిడ నమ్మకం. అందుకే ఏటా సరిగ్గా దాని వెనక కూర్చుంటుంది. అంటే నేను చోప్ చేసింది ఎవరి చోటో అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను. లిఫ్ట్ ఇప్పుడు ఆగుతోందిగా అంటే ఆవిడ మొహం మారిపోయింది. "గుండెనొప్పొచ్చిన రోజు ఆగలేదు బాబూ. రెండంతస్తులు సేతుల మీద మోసుకెల్లినారు, దార్లోనే అయిపోనాడు. ఆయన పోయాక ఎట్టినారు లిప్టు. ఆయనెక్కని సోట నానెక్కుతానా? నా లెక్కలో ఇక్కడ ఇప్పటికీ ఆగదు." రిపోర్టు సంగతి చెప్పి కాగితం అందించాను. సంతకం గుండ్రటి తెలుగు అక్షరాల్లో, నెమ్మదిగా పెట్టింది. (పెట్టే ముందు నన్ను ఇంకోసారి గిల్లింది.)

పాసయ్యాను. 'లిఫ్ట్ గురించిన పేరా బాగుంది. ప్రజలే చెత్త కాల్చే పద్ధతి గురించి ఇంకా వివరంగా రాయాల్సింది' అని ప్రొఫెసరమ్మ వ్యాఖ్య. ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఇల్లు సెరంగూన్‌కి మారిపోయినా, ఏటా ఏడో నెలలో క్లెమెంటి వెళ్లి రెండో వరసలో అమ్మమ్మగారి పక్కన కూర్చునేవాణ్ని. రెండేళ్ల కిందట ఆవిడ వెళ్లిపోయింది. బతికున్నంత కాలం ఎనిమిదిలో లిఫ్ట్ ఎక్కనిదాన్ని, ఆ రోజు అక్కణ్నుంచి కిందదాకా లిఫ్ట్‌లోనే దించాం. నేనూ ఒక చెయ్యి వేశాను.

మొన్న ఏడో నెలలో మళ్లీ వెళ్లాను. నడిమధ్య కుర్చీ ఆయనది కదా, దాని పక్క కుర్చీ మీద అమ్మమ్మగారి పేర ఒక కొత్త టిష్యూ ప్యాకెట్ పెట్టి, కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ప్యాకెట్ విప్పి ఉంది, ఒక టిష్యూ సగం బయటికి వచ్చి ఉంది. గాలి అనుకుందామంటే ఆకు కూడా కదలడం లేదు. నా బుర్ర ఇప్పటికి కొంచెం ఎదిగింది. వెనక వరసలో కూర్చున్నాను. ఎన్నేళ్లుగా వస్తున్నారని మాత్రం ఈసారి అడగలేదు.