కిటికీ లోపలి మేకు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. బ్యాగు పోవడానికి నాలుగు రోజుల ముందు ఆ కారు తలుపు నేను తీశాను, చేతిలో తాళం లేకుండానే.

మా నాన్న కడియంలో ఒక నర్సరీ యజమాని దగ్గర డ్రైవరు. ఆ మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకెళ్ళేసరికి ఆయన మొక్కల లారీ దగ్గర ఉన్నాడు. పోర్టికోలో నీడకు నిలబడి, ఊరికే కారు హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. టిక్కుమంది. ముడుచుకున్న అద్దాలు రెండూ చెవుల్లా విచ్చుకున్నాయి. చుట్టూ ఎవరూ లేరు. డ్రైవరు సీట్లో కూర్చుని, సంచిలో ఉన్న నవల రెండు పేజీలు చదివి, దిగి మళ్ళీ హ్యాండిల్ నొక్కాను. లాక్ పడింది. ఇదేమిటని నాన్నను అడగాలనిపించింది. కారెందుకు ముట్టుకున్నావంటాడని ఊరుకున్నాను.

నాలుగో రోజు రాత్రి ఆ కారులోంచి యజమాని కోడలి లాప్‌టాప్ బ్యాగు పోయింది. అద్దం పగల్లేదు, తలుపు మీద గీత లేదు. నాన్న ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"పోయినవారం కీ పట్టుకుని రాజమండ్రి వెళ్ళింది నువ్వే కదా అన్నారమ్మా. కీలో బ్యాటరీ మార్పించడానికండి, మీరే పంపారు కదండీ అన్నాను. బ్యాటరీయే మార్పించావో, ఇంకో కీ చేయించుకున్నావో ఎవరు చూశారన్నారు. రేపు సాయంత్రంలోగా బ్యాగు తేకపోతే స్టేషన్‌కంట."

పదేళ్ళుగా ఆ ఇంటి కారు నడిపిన మనిషి. ఆ మాట చెబుతూ కూడా 'అండి' వదల్లేదు.

కారు పుస్తకం మా ఇంట్లోనే ఉంది. కీ సరిగా పనిచేయనప్పుడు, ఇంగ్లీషులో ఏముందో చూడమని నాన్నే తెచ్చాడు. మళ్ళీ తీసి చదివాను. హ్యాండిల్ తాకగానే కారు తన కీని రేడియోలో పిలుస్తుంది. దగ్గర్లో ఉన్న కీ రహస్య సంకేతంతో బదులిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. తాకిన చెయ్యి ఎవరిదో కారుకు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న కీకి కారు పిలుపును పెట్టెల్లాంటి యంత్రాలతో అందించి కార్లు ఎత్తుకుపోయే దొంగలున్నారని ఫోన్‌లో చదివాను. ఇక్కడ దొంగకు ఆ శ్రమ కూడా లేదు.

ఎందుకంటే ఆ ఇంట్లో కీ ఉండేది పోర్టికో వైపు కిటికీ లోపల, ఊచల పక్కన కొట్టిన మేకుకు. పొద్దున కిటికీ తెరిస్తే నాన్న బయటినుంచే చెయ్యి పెట్టి తీసుకోవాలి. రాత్రి కిటికీ తలుపులు గడియ వేస్తే తాళం భద్రమని వాళ్ళ నమ్మకం. కారు ఆగేది ఆ కిటికీకి ఆనుకునే. బ్యాటరీ అరిగిపోయినన్నాళ్ళూ కీకి కారు పిలుపు వినపడేది కాదు, హ్యాండిల్‌కు ఆనించాల్సి వచ్చేది. కొత్త బ్యాటరీ పడ్డాక చెక్క తలుపు వెనకనుంచే పలుకుతోంది.

మర్నాడు నేనూ వస్తానన్నాను.

"నువ్వెందుకమ్మా? చర్చిలో వాక్యం చదవమంటేనే నీకు గొంతు రాదు."

నిజమే, రాదు. అయినా వెళ్ళాను.

పోర్టికోలో యజమాని, ఆయన తల్లి, గుమాస్తా ఉన్నారు. "కీ మేకుకు తగిలించి కిటికీ వేయించండి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

గుమాస్తా నవ్వాడు. "డ్రైవరుగారమ్మాయి పోలీసు ఉద్యోగంలో చేరిందండోయ్!"

కిటికీ వేశారు. రెండు చేతులూ చాచి చూపించాను. హ్యాండిల్ మీద వేలు ఆనించాను. టిక్కుమంది. అద్దాలు విచ్చుకున్నాయి. గుమాస్తా నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు లాక్ చేసి, కీ మీ హాల్లోకి తీసుకెళ్ళండి."

యజమానే తీసుకెళ్ళాడు. ఈసారి నేను ఎన్నిసార్లు తాకినా తలుపు కదల్లేదు. గుమాస్తాను తాకమన్నాను. ఆయనకూ కదల్లేదు.

"మా నాన్న ఇంకో కీ చేయించలేదండి. ఈ పోర్టికోలోకి వచ్చినవాళ్ళు ఎవరైనా తీయొచ్చు. అసలు ఆ మేకు అక్కడెందుకు కొట్టారండి?"

ఎందుకో నాకు తెలుసు. వాళ్ళ నోట రావాలని అడిగాను. యజమాని నేలచూపు చూశాడు. ఆయన తల్లే జవాబిచ్చింది, ఏ దాపరికమూ లేకుండా.

"మీ నాన్న గుమ్మం తొక్కక్కర్లేకుండా నేనే కొట్టించానే. అయితే ఏంటి?"

"అయితే బ్యాగు ఆ మేకు వల్లే పోయిందండి," అన్నాను. ఈసారి గొంతు బాగానే వచ్చింది.

యజమాని, "స్టేషన్ మాట వదిలేయవయ్యా," అన్నాడు నాన్నతో. "రేపట్నుంచి కీ హాల్లో బల్ల మీద ఉంటుంది. లోపలికొచ్చి తీసుకో."

బ్యాగు ఇప్పటికీ దొరకలేదు. కాలవగట్టు మీద ఇంటికి నడుస్తూ, కారులో కూర్చున్న సంగతి నాన్నకు చెప్పేద్దామా అనుకున్నాను. ఈలోపు ఆయనే ఆగి నా వైపు తిరిగాడు.

"లోపలికి వెళ్ళనమ్మా. గుమ్మం ముందు నిలబడతాను. వాళ్ళే తెచ్చి నా చేతిలో పెట్టాలి."