ముత్తియాల్‌పేటలో మంచుచెక్కలు

మా ఆయన పోయిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయన స్నేహితుడు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు ముందు నా దగ్గరికి వచ్చి, నేను గోడకు ఆనుకుని ఊరికే కూర్చుని ఉండటం చూసి, తర్వాత అతని దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశారు. అతనికి మంచినీళ్ళు ఇచ్చారు. అది చూస్తూ నేను అసూయ పడ్డాను. అలాంటి రోజున అలాంటిది మనసులోకి రాకూడదు. వచ్చింది. అది ఆ రోజు పుట్టింది కూడా కాదు, నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఉన్నదే.

నేను డెబ్బైల మొదట్లో యానాం నుంచి పుదుచ్చేరికి వచ్చాను. మా అత్తవారిది ఈ ఊరి ముత్తియాల్‌పేట బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు. తరాల కిందట ఈ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవడం ఎవరికీ రాదు. మా ఆయన ఫ్రెంచి బడిలో చదివి, ఇరవై ఏళ్ళు నిండకముందే ఫ్రెంచి సైన్యంలో చేరి, ఫ్రాన్సులో ఎక్కడో కొండల మధ్య ఉన్న శిబిరంలో చాలాకాలం పనిచేశారు. ఆఖర్న మోకాలు విరిగి, పింఛనుతో తిరిగొచ్చి, ఆలస్యంగా నన్ను చేసుకున్నారు. ఆయన ఫ్రెంచి పత్రికలు చదివేవారు. నేను యానాం నుంచి తెప్పించుకున్న తెలుగు పుస్తకాలు చదువుకునేదాన్ని. ఒకే దీపం కింద కూర్చునేవాళ్ళం. నా చేతిలోది ఆయనకు రాదు, ఆయన చేతిలోది నాకు రాదు.

శిబిరంలో ఆయన పని స్కీలు ఉంచే గిడ్డంగిలో. స్కీలంటే మంచు మీద జారడానికి కాళ్ళకు బిగించుకునే పొడుగాటి పలకలు. వాటిని రుద్ది, మైనం పట్టించి, విరిగినవాటిని అతికించేవారు. సైన్యానికి లోహంతో చేసిన కొత్తరకం వచ్చినప్పుడు పాత కర్రవి పారేశారట. అందులో ఒక జత ఆయన అడిగి తీసుకుని, తిరిగొచ్చేటప్పుడు ఓడలో తెచ్చుకున్నారు. మా అత్తగారు వాటిని మంచుచెక్కలు అనేది. ఇంటిల్లిపాదికీ అదే పేరు అయింది.

అవి వెనకగదిలో గోడకు నిలబెట్టి ఉండేవి. పైకొసలు పైకి వంగి ఉండేవి. సన్నగా, నా జానెడు కూడా వెడల్పు లేకుండా, మనిషికంటే పొడుగ్గా. ఆ రోజుల్లో మనిషిని నిలబెట్టి, చెయ్యి పైకి ఎత్తమని, కొస మణికట్టుకు తగిలేదాన్ని ఇచ్చేవారట. అంటే అవి ఆయన కొలత. మధ్యలో కాస్త పైకి లేచినట్టు వంపు ఉంటుంది. ఆ వంపు పోతే చెక్క పనికిరాదు. అందుకని రెంటినీ అడుగూ అడుగూ కలిపి, నడుమ చిన్న దిమ్మ పెట్టి, రెండు కొసల దగ్గరా నాడాతో కట్టేవారు. ప్రతి వానాకాలం విప్పి చూసి మళ్ళీ కట్టేవారు. మా ఊరి ఉప్పుగాలికి ఆ వంపు ఏటేటా కొంచెం దిగుతూనే ఉండేది. చెదలు రాకుండా వేపనూనె రాయడం నా పని. అది నాకు నేనుగా పెట్టుకున్న పని. ఆయన వద్దనలేదు.

ఆయుధపూజకు కొట్లో తక్కెడకూ రాళ్ళకూ బొట్లు పెట్టేవారు. పింఛను తీసుకునే మనిషికి ఏ పనిముట్టు ఉంటుంది? మా అత్తగారే ఆ చెక్కలు బయటికి తెప్పించి, పసుపు పూసి, అరటిపండు ముందు పెట్టించింది. పక్కింటావిడ తొంగిచూసి, "ఏంది, మీ ఇంట్లో పడవ చేస్తా ఉండారా?" అంది. "వాడు అన్నం తిన్నది దాంతోనే కదమ్మా" అంది మా అత్తగారు. ఆవిడ ఉన్నంతకాలం, పోయాక కూడా అది సాగింది.

ఇక ఆ స్నేహితుడు. అతనిదీ ఈ ఊరే, తెలుగే. మా ఆయన కంటే చిన్నవాడు, పొట్టివాడు. ఇద్దరూ ఒకే శిబిరంలో ఉన్నారు. అతను కూడా పింఛనుతో తిరిగొచ్చాడు కానీ అతని అక్క అక్కడే ఆ కొండల దగ్గర కాపురం ఉంది. అందువల్ల రెండేళ్ళకో మూడేళ్ళకో చలికాలంలో వెళ్ళి, మళ్ళీ మంచు మీద జారి వచ్చేవాడు. మా ఆయన మోకాలు అందుకు పనికిరాదు. సాయంత్రాలు అతను మోపెడ్ మీద వచ్చేవాడు. ఇద్దరూ వీధితిన్నె మీద కూర్చునేవారు. కొట్టు సంగతులు, మునిసిపాలిటీ సంగతులు తెలుగులో సాగేవి. మంచు మాట రాగానే భాష ఫ్రెంచికి మారేది. నేను కాఫీ తెచ్చేసరికి మారిపోయి ఉండేది. నన్ను అతను వదినా అనేవాడు. నేను అతన్ని మరిది అనలేదు, అన్నయ్యగారూ అనలేదు. మీరు అనేదాన్ని, అంతే.

నాకు అసూయ అతను వెళ్ళివస్తున్నందుకు కాదు. మా ఆయనకు ఆ అసూయ ఉండేది, బయటికి ఒప్పుకునేవారు కూడా. నాది వేరు. ఆయన జీవితంలో నేను చూడని సగం అతని దగ్గర ఉంది. ఆయన నాతో నవ్వేవారు, కానీ తిన్నె మీద నవ్వినట్టు కాదు. తిన్నె మీద నవ్వితే దగ్గు వచ్చేదాకా నవ్వేవారు. నేను లోపల పుస్తకం పట్టుకుని ఒకే పేజీ చదువుతూ ఉండేదాన్ని. ఏళ్ళ తరబడి వింటే ఏ భాషైనా కొంత తెలుస్తుంది. తెలుస్తోందని వాళ్ళకు చెప్పలేదు. చెబితే వేరేచోట కూర్చుంటారేమోనని.

ఎనభైల చివర అతను కొత్తజత ఒకటి తెచ్చాడు. అప్పుడే వస్తున్న రకమట. ఆ రోజు తిన్నె మీద రెండు జతలూ పక్కపక్కన పరిచారు. కొత్తవి పొట్టిగా ఉన్నాయి, కానీ పాతవాటికంటే బాగా వెడల్పు. కర్ర కనబడదు, అంతా నున్నటి ప్లాస్టిక్, పసుపుపచ్చ, ఎరుపు రంగులు. చేత్తో వంచితే కొస వంగింది.

"ఇదేందిరా, పీట మాదిరి ఉంది" అన్నారు మా ఆయన.

"పీటే అన్నా. కొత్తగా పడిన పొడిమంచులో నువ్వు దీని మీద కూర్చున్నట్టే పోతావు. మునగవు."

"ఎవరి కొలతకు చేసినారు?"

"ఎవరి కొలతా లేదు. ఎవరు ఎక్కినా ఇదే."

మా ఆయనకు అది నచ్చలేదు. వాదన వారం రోజులు నడిచింది. చివరకు ఇసక మీద చూద్దామన్నారు. మంచుకు ఇసక సాటి కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఒక సాయంత్రం రెండు జతలూ సైకిల్‌రిక్షాలో అడ్డంగా పెట్టుకుని వీరాంపట్టినం సముద్రపు ఒడ్డుకు వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు, ఎందుకో. నేను మంచినీళ్ళ కూజా ఒళ్ళో పెట్టుకుని వెనక ఇంకో రిక్షాలో వెళ్ళాను.

పల్లెవాళ్ళు వల బాగు చేసుకుంటున్నారు. యాభై దాటిన ఇద్దరు మగవాళ్ళు కాళ్ళకు పలకలు కట్టుకుంటుంటే చూడటానికి లేచివచ్చారు. ఒక ముసలాయన తమిళంలో అడిగాడు, సముద్రం అటు ఉంది కదా సామీ, ఇటు ఎక్కడికి పోతారు అని. అందరూ నవ్వారు. మా వాళ్ళిద్దరూ అందరికంటే గట్టిగా నవ్వారు.

ఎండిన ఇసక దిబ్బ మీద పాతవాటితో మా ఆయన నిలబడ్డారు. సన్నటి చెక్కలు ఇసకలోకి దిగాయి. అతను కొత్తవాటి మీద నిలబడ్డాడు. పైనే ఉన్నాడు.

"చూసినావా అన్నా. నువ్వు ముణుగుతా ఉండావు."

"మునగడానికే రా అది. మంచు లోపల పోవల్ల. మోకాళ్ళకు, నడుముకు మంచు తగలతా ఉంటే పోవల్ల. పైన తేలేదానికి మంచు ఎందుకు, తారురోడ్డు చాలదా?"

"అలుపు చాలదా నీకు? ఒక్క మలుపు తిరిగేదానికి ఒళ్ళంతా తిప్పేవాళ్ళం. పడినామంటే లేచేదానికి అరగంట."

"పడినప్పుడు ఎవరు లేపినారు నిన్ను?"

"నువ్వే. ఎవరు కాదన్నారు."

వాళ్ళు తెలుగులోనే మాట్లాడుతున్నారని అప్పుడు గమనించాను. పల్లెవాళ్ళ ముందు ఫ్రెంచి వద్దనుకున్నారేమో. ఒక్కసారిగా అంతా నాకు తెలిసే భాషలోకి వచ్చింది. అయినా నేను ఆ మాటల్లో లేను. మా ఆయన ముఖం ఎర్రబడి, పాతికేళ్ళ కుర్రాడిలా ఉంది. ఆ ముఖాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. అతను మాత్రం రోజూ చూసి ఉంటాడు. కూజా తీసి ఇద్దరికీ నీళ్ళు పోశాను. ముందు అతనికి పోశాను, తర్వాత మా ఆయనకు.

ఆ రోజు ఒప్పందం చేసుకున్నారు. వచ్చే చలికాలం అతను రెండు జతలూ తీసుకెళ్ళి, ఒకే కొండ మీద, ఒకే మంచులో రెంటి మీదా జారి, వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

ఆ వానల్లోనే మా ఆయన గుండె ఆగి పోయారు.

తర్వాత అతను తిన్నె మీదికి రావడం తగ్గించాడు. వచ్చినా నిలబడి, "ఏమన్నా కావల్నా వదినా?" అని అడిగి వెళ్ళేవాడు. అసలు మాట ఒక ఉదయం వచ్చింది.

"వచ్చే నెల అక్క ఇంటికి పోతా ఉండాను. ఆ చెక్కలు యాడ పెట్నావు? తీసకపోతాను. అన్నకు మాటిచ్చినాను కదా."

"ఇవ్వను" అన్నాను.

అతను బలవంతపెట్టలేదు. "సరి వదినా" అని వెళ్ళిపోయాడు.

ఆయన బట్టలు పంచిపెట్టేశాం. కళ్ళద్దాలు డ్రాయరులో ఉన్నాయి. ఇంట్లో ఆయన ఎత్తుతో మిగిలినవి ఆ చెక్కలే. ఎవరూ లేనప్పుడు పక్కన నిలబడి చెయ్యి ఎత్తి చూసుకున్నాను. నాకు అందలేదు. వాటిని కూడా అతను తీసుకుపోయి, నేను ఎన్నడూ చూడని చోట కాళ్ళకు కట్టుకుని, ఆయన తగలాలన్న మంచు తనకు తగిలించుకుంటాడు. అది నేను భరించలేకపోయాను.

కానీ నాడా విప్పి వంపు చూద్దామని కూర్చున్నప్పుడు, అది చాలునో చాలదో నాకు తెలియలేదు. ఎంత ఉండాలి? దిమ్మ మార్చాలా? అడగడానికి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. నేను ఇవ్వకపోతే అతను రాడు. అతను రాకపోతే మంచు అనే మాట ఈ ఇంట్లో ఇంకెవరూ అనరు. ఆ మాటను నేను ఎంత ద్వేషించానో నాకు తెలుసు. అది లేకుండా ఉండలేనని ఆ రోజు తెలిసింది.

పక్కింటి అబ్బాయితో కబురు చేశాను. వచ్చాడు.

"తీసుకెళ్ళండి. తిరిగొచ్చి నాకు చెప్పాలి. ఫ్రెంచిలో కాదు."

"నీకు చెప్పేదా?" అన్నాడు. తర్వాత, "సరి వదినా, చెప్తాను" అన్నాడు.

చలికాలం అయ్యాక వచ్చాడు. చెక్కలు వెనకగదిలో ఎప్పటిచోటనే పెట్టి, తిన్నె దగ్గర వేసిన కుర్చీలో అంచున కూర్చున్నాడు. నేను కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళలేదు. ఎదురుగా కూర్చున్నాను. అలవాటున ఫ్రెంచిలో మొదలుపెట్టి, ఆగి, తెలుగులోకి వచ్చాడు.

"మొదటిరోజు అవి కదలనే లేదు వదినా. వేపనూనె. అడుగున మంచు పిడచలు పిడచలుగా అంటుకునింది. చిన్న బిడ్డలు కూడా నన్ను దాటుకొని పోతా ఉండారు. నేను కాళ్ళకు ఇడ్లీగిన్నెలు కట్టుకున్నోడి మాదిరి నిలబడుండాను."

"చెదలు పట్టకుండా రాశాను" అన్నాను.

"తప్పనలేదు. అక్క ఇంట్లో ఒక రాత్రంతా గీకి, మైనం పెట్టినాను. వాసన మాత్రం పోలేదు. ఆ చలిలో మీ వెనకగది వాసన." కాఫీ ఒక గుక్క తాగాడు. "రెండోరోజు బాగా పోయినాయి. పొద్దున పాతవి, మధ్యాన్నం కొత్తవి. అన్న ఉంటే ఒప్పుకోడు. కానీ కొత్తవే మేలు వదినా. పాతవి ఎక్కితే ఎప్పుడు పడతానో అని ఆలోచన. కొత్తవి ఎక్కితే ఆలోచనే లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు, చెప్పినాను."

నా మనసు నొప్పించకుండా అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. మా ఆయనకు ఎలా చెప్పేవాడో అలాగే చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన ఓడిపోయారని, ఆ మాట కాదనడానికి ఆయన ఎదురుగా లేరని.

అతను లేచి మోపెడ్ తాళం జేబులోంచి తీశాడు.

"ఎంత లోతు మంచు?" అన్నాను.

"ఏంది?"

"మీరు జారింది. ఎంత లోతు?"

"మోకాలి దాకా ఉంటింది."

"ముందురోజు రాత్రి పడిందా, అంతకు ముందుదా?"

అతను నన్ను చూశాడు. అంతకు ముందు నన్ను అలా చూసిన గుర్తు లేదు.

"రెండు మూడు రోజులది" అన్నాడు.

"అయితే పైన గట్టిపడి ఉంటుంది. పొద్దున ఆ గట్టి మంచులో పాతవాటి మీద వెళ్ళారు, ఎండకు మెత్తబడ్డాక కొత్తవాటి మీద వెళ్ళారు. అది ఒకే మంచు ఎలా అవుతుంది?"

"ఎందుకు కాదు?" అన్నాడు అతను, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంటూ.