పసుపు ఏరినట్టు ఏరిన డిస్కులు

ముందుగా నాకు నిశ్చయంగా తెలిసినవి చెబుతాను. రెండువేల దశకం చివర, ఒక ఎండాకాలంలో, నిజామాబాద్‌లో మా అక్క నడిపే వీడియో మిక్సింగ్ యూనిట్‌కు ఒక పాత స్టోరేజ్ అర్రే వచ్చింది. పెద్ద కంపెనీలు తమ సమాచారమంతా దాచుకొనే బీరువా లాంటి ఇనుప పెట్టె అది. ముందువైపు పదిహేను డిస్కులు, వెనక ఆ డిస్కులను నడిపే కంట్రోలర్లు రెండు, పవర్ సప్లైలు రెండు. హైదరాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ వ్యాపారి దగ్గర అక్క దాన్ని కొన్నది. మేడ మీదికి ఎక్కించి స్విచ్ వేస్తే అది బూట్ కాలేదు. కొన్ని రోజుల తర్వాత అయింది. ఈ రెండూ నేను కళ్లారా చూసినవి.

విన్నవి వేరే ఉన్నాయి. నేను స్క్రూడ్రైవర్ పిడితో దాని నెత్తి మీద ఒకటి వేస్తే లేచిందని మా వీధి స్టూడియోల వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను వేయలేదు. తాను వోల్టేజీ సరిచేశాకే లేచిందని ఎలక్ట్రీషియన్ అంటాడు. అతను రాకముందూ వచ్చాకా నేను మీటరు పెట్టి చూశాను, తేడా లేదు. మా సంఘపు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయడం వల్ల లేచిందని మేం బాపు అని పిలిచే మా నాన్న అంటాడు. ప్రార్థన జరిగిన మాట నిజం. కాని అది బుధవారం, పెట్టె లేచింది శుక్రవారం.

ఆ రోజుల్లో నేను బోధన్‌లో ఒక జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. అక్కడి రైతులు చెరకు గడ కొరికి, నమిలి, తీపి ఎంతో చెప్పేవారు. నేను ఆ రసాన్నే మా ల్యాబ్‌లోని మీటరు మీద వేసి చూసేవాణ్ణి. ఒక్కోసారి మాట కలిసేది, ఒక్కోసారి కలిసేది కాదు. కలిసినా కలవకపోయినా చూడకుండా ఒప్పుకోవడం నాకు చేతకాదు. అక్క నన్ను పిలిపించిందీ అందుకే. సెలవులు మొదలైన రోజే బస్సెక్కి వచ్చాను.

అక్క పెండ్లి వీడియోలు తీసేది. మిగతా యూనిట్ల వాళ్లు మిక్సింగ్ పూర్తిచేసి సీడీలు ఇచ్చేశాక, ఆ టేపుల మీదే మరో పెండ్లి తీసేవారు. అక్క అలా చేసేది కాదు. మిక్సింగ్‌లో మనం కోసిపారేసిన ముక్కే రేపు ఒకరికి కావలసి రావచ్చనేది. తీసిన పెండ్లి ఏదీ చెరపనన్న ఆ మాట మీదే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవారు. జక్రాన్‌పల్లి నుంచి ఒకామె వచ్చింది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, కూతురి పెండ్లికి సెలవు దొరకలేదు. ఎండలు తగ్గకముందే వస్తున్నాడు. వచ్చాక పెండ్లి మొత్తం, కోసిన ముక్కలతో సహా, చూపిస్తానని అక్క ఆమెకు మాట ఇచ్చింది.

అయితే కిందటి వానాకాలంలో టేపులకు బూజు పట్టింది. మళ్లీ వానలు పడేలోగా అన్నిటినీ డిస్కుల్లోకి దించాలి. అక్క కంప్యూటర్లలో చోటు లేదు. ఆ ఇనుప పెట్టె కొన్నది అందుకు. వ్యాపారి షరతు ఒకటుంది. శనివారం అతని వ్యాన్ నిజామాబాద్ వస్తుంది. అప్పటికి పెట్టె నడవకపోతే వెనక్కి తీసుకొని, బదులుగా మామూలు కంప్యూటరు ఒకటి ఇస్తాడు. దానిలో పట్టేది నాలుగైదు పెండ్లిళ్లు. ఏ పెండ్లిని ఉంచుకోవాలో, ఏ పెండ్లిని బూజుకు వదిలేయాలో అక్క ఎంచుకోవలసి వస్తుంది. ఆ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. తర్వాత ఎవరి ఊరు గుర్తొచ్చినా లేచి వెళ్లి ఆ టేపు ఎండలో తిప్పి పెట్టేది.

మొదట వ్యాపారికి ఫోన్ చేశాను. అతను తడుముకోకుండా, "మా గోదాంల చాలూ ఉండే సార్. మీ కాడికి వచ్చినంక ఏమైందో నాకేం ఎరుక?" అన్నాడు. అది వినికిడి ఖాతాలోకి పోయింది. గోదాంలో పెట్టె ముందు దీపాలు పచ్చగా వెలుగుతుండగా అక్క తన కెమెరాతో తీసిన టేపు ఉందని చెప్పింది. మొదటి కొన్ని క్షణాలు చూశాను. దీపం వెలిగినంత మాత్రాన యంత్రం పూర్తిగా లేచినట్టు కాదని దాన్ని పక్కన పెట్టాను.

తర్వాత ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, దారిలో గానీ మెట్ల మీద గానీ పెట్టె పడిందా, తడిసిందా, ఎవరైనా ఏదైనా పాడుచేశారా అని అడిగాను. అక్క లేదంది. బాపు లేదన్నాడు. బాపు కమ్మర్‌పల్లిలో బతుకంతా పసుపు పండించినవాడు. ఆ మధ్యే పట్నంలో అక్క దగ్గరికి వచ్చి ఉంటున్నాడు. పెట్టె మేడెక్కిన రోజు ఆయనా అక్కడే ఉన్నాడు.

ఇక మిగిలింది యంత్రాన్నే అడగడం. అక్క పాత కంప్యూటరును ఒక కేబుల్‌తో పెట్టె వెనకకు కలిపాను. అలా కలిపితే అది లేచేటప్పుడు తనలో తాను అనుకొనే మాటలు తెర మీద వరుసగా కనిపిస్తాయి. మొదట అర్థంలేని గుర్తులు వచ్చాయి, వేగం సరిచేశాక వాక్యాలు వచ్చాయి. తన జ్ఞాపకశక్తి సరిగానే ఉందంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయంది. డిస్కుల కోసం చూస్తున్నానంది. అక్కడ ఆగి, కాసేపటికి మళ్లీ మొదటికి వచ్చింది. ప్రతిసారీ ఆ వాక్యం దగ్గరే.

ఒక్కొక్క అనుమానాన్నే తీసుకున్నాను. పవర్ సప్లైలలో ఒకటి తీసి చూశాను, దాన్ని పెట్టి రెండోది తీసి చూశాను. అదే వాక్యం. కంట్రోలర్లనూ అలాగే చేశాను. అదే వాక్యం. రెండు భాగాలూ ఒకే విధంగా చెడిపోవడం అసాధ్యం కాదు గాని అరుదు. మధ్యాహ్నం కరెంటు పోయేది. వచ్చేదాకా నేనూ అక్కా మెట్ల మీద కూర్చొనేవాళ్లం. తర్వాత ఏం తీసి చూడాలో నేను చెప్పేవాణ్ణి, ఎందుకో అక్క అడిగేది. నా కారణం ఆమెకు నచ్చకపోతే ఆ పని జరిగేది కాదు. మా కాలేజీలో ఏ విద్యార్థీ నన్ను అంత గట్టిగా నిలదీయలేదు.

బుధవారం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. ఆ తర్వాత కరెంటు వచ్చినప్పుడు స్విచ్ వేస్తే యంత్రం ఆ వాక్యాన్ని దాటింది. ఇంకొక్క వాక్యం పలికి పడిపోయింది. నేనూ చూశాను, అక్కా చూసింది. మేము ముట్టుకున్నది స్విచ్‌ను మాత్రమే. మళ్లీ వేస్తే పాత చోటే ఆగింది. ఈ సంగతి చివర మళ్లీ చెబుతాను.

శుక్రవారం పొద్దున ఏమీ తోచక పెట్టె ముందు కూర్చొని డిస్కుల మూతులను చూస్తున్నాను. ప్రతి డిస్కు మీద దాని సైజు గిగాబైట్లలో రాసి ఉంది. మూడు వందలు ఉన్నవి కొన్ని, నూట నలభై ఆరు ఉన్నవి కొన్ని. ఎడమవైపు నుంచి మూడు వందలవి అన్నీ వరుసగా ఉన్నాయి. అవి అయిపోయాక నూట నలభై ఆరువి అన్నీ వరుసగా ఉన్నాయి. ఒక్కటి కూడా కలగలిసి లేదు. ఏళ్ల తరబడి నడిచిన యంత్రంలో ఒక డిస్కు ఇప్పుడు పోతుంది, ఒకటి అప్పుడు పోతుంది, పోయిన చోట దొరికిన సైజు పెడతారు. అలాంటి చోట ఇంత క్రమం దానంతటది రాదు. ఎవరో తెచ్చి ఉండాలి.

ఆ మాట పైకే అన్నట్టున్నాను. చాయ్ తాగుతున్న బాపు తలెత్తాడు. "గట్ల ఉండొద్దా మరి? నేనే ఏరిన" అన్నాడు.

మెట్లు ఎక్కేటప్పుడు బరువు తగ్గడానికి అక్క డిస్కులన్నీ తీయించి గోనెసంచి మీద పరిపించింది. ఆమె కిందికి వెళ్లి హమాలీలతో పెట్టె ఎక్కిస్తుండగా బాపు వాటి ముందు కూర్చున్నాడు. పసుపు ఇంటికి వచ్చాక పొడుగు కొమ్ములను ఒక కుప్ప, గుండ్రటి మండలను ఒక కుప్ప ఏరకుండా మా ఇంట్లో ఎవరూ లేవరు. కలగలిపి మార్కెట్ యార్డుకు తీసుకుపోతే పండించినవాడికే చిన్నతనం.

"మీద రాసిన నంబర్లల్ల పెద్దయి సిన్నయి అన్ని కలిసి ఉండె. గట్ల కలిపి అమ్మినోనికి యాపారం తెలుసా? పెద్దయి ముంగట, సిన్నయి ఎనుక పెట్టిన."

అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాను.

"నువ్వు ఎవలన్న పాడుచేసిన్రా అని అడిగినవ్. నేను సక్కగ చేసిన."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "బాపూ, గది పసుపు గాదు" అంది. "పసుపైతే గిన్ని రోజులు సతాయిస్తదా?" అన్నాడు బాపు.

అప్పుడు నాకు ఒక ఊహ వచ్చింది. ఆ యంత్రం తాను లేవడానికి కావలసిన సొంత ప్రోగ్రామును మొదటి కొన్ని స్థానాల్లోని డిస్కుల్లోనే దాచుకొని, లేవగానే అక్కడే వెతుకుతుందేమో. అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? ఊహ బాగుంది, కాని పాత వరుస తెలియనిదే పనికిరాదు. బాపుకు గుర్తులేదు. కుప్పలో ఏ కొమ్ము ఎక్కడుందో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"గోదాంల తీసిన టేపు ఉన్నది గదా తమ్మీ" అంది అక్క. "నువ్వు లైట్లు చూసి పక్కకు పెట్టినవ్. నేను పెండ్లి సామాను తీసినట్టే తీసిన."

మా దిక్కు పెండ్లిలో ఆడపిల్ల వెంట పంపే సామానునంతా ఒక వరుసలో పెట్టి వీడియో తీయిస్తారు. బీరువా, మంచం, గంగాళం, బిందెలు. కెమెరా ఒక చివర మొదలై, ప్రతి వస్తువు మీదా ఆగి, మరో చివరకు పోతుంది. రేపు ఎవరూ ఫలానాది పెట్టలేదనకుండా. అక్కకు ఆ పని ఎంత అలవాటంటే, గోదాంలో ఇనుప పెట్టె ముందు నిలబడ్డా చేయి అలాగే కదిలింది. ఒక డిస్కు మీద ఆగి, రెండోదాని మీద ఆగి, పదిహేనోదాని దాకా. నేను మొదట్లోనే ఆపేసిన టేపులో అంతా ఉంది.

బొమ్మను నిలిపి నిలిపి చూశాం. ప్రతి డిస్కు చీటీ మీది నంబరులో చివరి అంకెలు చదవగలిగాం. మొదటి స్థానాలన్నిటిలోనూ చిన్న డిస్కులే ఉన్నాయి. నా ఊహకు అది బలమే గాని రుజువు కాదు. రెండు డిస్కుల మీద మాత్రం ట్యూబ్‌లైటు వెలుగు పడి అంకెలు కనబడలేదు. అంటే మిగిలినవి రెండే వరుసలు. అక్క నంబర్లు చదువుతుంటే నేను పెట్టాను. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, తాను ఏరినదంతా మళ్లీ కలగలిసిపోవడం చూస్తూ కూర్చున్నాడు.

మొదటి వరుసతో లేవలేదు. ఆ రెండిటినీ ఒకదాని చోట ఒకటి మార్చాను. తెర మీద ఆ వాక్యం వచ్చింది, దాటింది, దాని తర్వాతిది వచ్చింది, ఆ పైన మేము ఎన్నడూ చూడని వాక్యాలు వరదలా వచ్చాయి. పెట్టె ముందు దీపాలు ఒక్కటొక్కటే పచ్చబడ్డాయి.

నేను ఆపేశాను. ఒక్కసారి లేవడం బుధవారం లాంటిదే కావచ్చు. మళ్లీ వేశాం, లేచింది. మూడోసారి అక్కను వేయమన్నాను, లేచింది. అప్పుడు ఒప్పుకున్నాను. అక్క మాత్రం మొదటిసారికే లేచి జక్రాన్‌పల్లి టేపు తెచ్చి కెమెరాలో పెట్టేసింది.

శనివారం వ్యాపారి వచ్చి పచ్చ దీపాలు చూసి, మాల్ మంచిదని తాను ముందే చెప్పలేదా అన్నాడు. "మాల్ మంచిదే అన్నా. మా బాపు గ్రేడింగే జర ఎక్కువైంది" అంది అక్క. వ్యాన్ వచ్చినట్టే పోయింది. వానలు పడకముందే టేపులన్నీ దిగాయి. ఏ పెండ్లినీ ఎంచుకోవలసిన పని పడలేదు.

జక్రాన్‌పల్లి ఆయన చెప్పిన నెలలోనే వచ్చాడు. భార్యతో కలిసి మేడ మీద కూర్చొని మొత్తం చూశాడు. మిక్సింగ్‌లో కోసిన ముక్క ఒకటి వచ్చింది. పెండ్లిపిల్ల బ్యాండు చప్పుడులో సెల్‌ఫోన్ చెవికి పెట్టుకొని, "బాపూ, ఇనొస్తలేదు. లైన్ కట్ అయింది" అని ఫోను ఎవరికో ఇచ్చేస్తుంది. ఆయన దాన్ని ఆపించి మళ్లీ పెట్టమన్నాడు. చూసి, "లైన్ కట్ కాలే అక్కా. నాకే మాట రాలే" అన్నాడు. అక్క ఇంకోసారి పెట్టింది.

నా చదువు ఎన్నో చోట్ల పనికొచ్చింది. ఆ గదిలో అక్క వెనక నిలబడి ఉన్నప్పుడు గర్వించినంతగా మరెక్కడా గర్వించలేదు. ఆ గర్వంలో సగం నాది, సగం ఆమె చేతి అలవాటుది. బాపుకు వాటా లేదని అంటే ఇప్పటికీ ఒప్పుకోడు.

తేలనిది ఒకటి మిగిలింది. డిస్కులు బాపు వరుసలో ఉండగానే బుధవారం ఆ యంత్రం ఒక వాక్యం ముందుకు ఎలా పోయింది? తర్వాత దొరికిన ఆ యంత్రపు పుస్తకంలో మొదటి ఐదు స్థానాల సంగతి నా ఊహ ప్రకారమే ఉంది, బుధవారం సంగతి లేదు. తేల్చుకోవాలంటే డిస్కులను మళ్లీ ఆ తప్పు వరుసలో పెట్టి, పదే పదే స్విచ్ వేసి చూడాలి. అక్కను అడిగాను. "గన్ని పెండ్లిళ్లు దాంట్ల పెట్టుకొని నీ పరీక్షలేంది తమ్మీ" అంది. ఆమె కారణంలో నాకు తప్పు కనబడలేదు. అందువల్ల ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. బాపు దగ్గర ఉంది, పాస్టరుగారి ప్రార్థన. దాన్ని కాదనడానికి కావలసిన పరీక్ష నేను చేయలేదు.