పిడి బాబాయ్

కత్తుల ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని పిడి బాబాయ్ అంటారు. కొత్త రకం ప్లాస్టిక్ పిడి ఏది వచ్చినా ముందు ఆయన చేతిలో పడి నానా యాతనా పడాల్సిందే. ఓ గంట మరిగే నీళ్లలో, ఓ గంట మంచుగడ్డల్లో ఉంచుతాడు. తర్వాత ఛాతీ ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీదికి వందసార్లు వదులుతాడు. లెక్కపెడుతూ పెదవులు కదులుతాయి గానీ మొహంలో ఇంకేదీ కదలదు. పగులుందేమోనని వేలితో తడమడు. పిడిని చెవి దగ్గర పెట్టుకుని, గోటితో గీకి ఆ చప్పుడు వింటాడు. అదంతా పనితనం అనుకుంటారు చూసినవాళ్లు.

మొన్న ఓ నల్ల పిడిని మరిగే గిన్నెలోంచి తీసి, నీళ్లు కారుతుండగానే కిటికీ వెలుగులో తిప్పి చూస్తున్నాడు. పక్క బల్ల దగ్గర కత్తులకు పదును పెట్టే అమ్మాయి కెవ్వుమంది.

"బాబాయ్! ఉత్త చేత్తో తీశావా?"

ఆయన బల్ల వైపు చూశాడు. పట్టకారు ఎక్కడిదక్కడే ఉంది. అరచెయ్యి ఎర్రగా పొంగుతోంది. ఆ అమ్మాయి పరుగున చన్నీళ్లు తెచ్చి చెయ్యి అందులో ముంచింది.

"మంటగా లేదూ?"

"లేదమ్మా."

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఆకుపచ్చ పిడులు వచ్చాయి చూడు, ఆ ఏడాది నుంచి. మీ పిన్నితో అనకు, ఊరికే కంగారు పడుతుంది."

రెండో చేత్తో రిజిస్టరు దగ్గరికి లాక్కుని, వంకర అక్షరాలతో రాశాడు: 'మరిగే నీళ్లలో గంటసేపు. పిడికి ఏమీ కాలేదు.'