మన్సూరా అక్క చెప్పిన మాట

ఉదయం ఆరూ నలభైకి ఖతార్‌లోని మెసయీద్ నుంచి దోహా బస్సు కదిలింది. దోహాలో అల్ మన్సూరా అనే పేటలోని మా ఫ్లాట్ నుంచి నా భార్య ఏటా జులైలో ఇక్కడ పనిచేసే మనవాళ్ళకు ఇండియా టాక్స్ రిటర్నులు వేసేది. మార్చిలో చనిపోయింది. ఈసారి ఆ పని నేనే మొదలుపెడుతున్నానని ఫోన్లో ఒకరికి చెబుతుంటే, పక్క సీటతను తిరిగి చూశాడు.

"మన్సూరా అక్క ఏస్తలేదా సారూ?"

నా భార్యను వాళ్ళంతా అలాగే పిలిచేవారు. చనిపోయిందని చెప్పాను. అతను జగిత్యాల దగ్గర ఊళ్ళో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు. అతని ఇండియా నంబరు ఆమె దగ్గరే ఉంది. రిటర్ను పూర్తవడానికి కావలసిన ఓటీపీ దానికే వస్తుంది.

"అక్క చనిపోయిందట. గీసారి వాళ్ళ సారుకు ఓటీపీ చెప్పు," అంటూ స్పీకర్ పెట్టాడు.

"నేను చెప్ప," అందామె. "మొగోళ్ళు ఎవ్వలడిగినా చెప్పొద్దన్నది అక్క. నా మొగడడిగినా చెప్పకన్నది."

"నాకు గూడ చెప్పది సారూ," అని నవ్వబోయి అతను ఆగాడు. అవతల ఆమె ఏడుస్తోంది.

నా భార్య ఆ మాట నవ్వుతూ అన్నదో, నిజంగానే అన్నదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నేను ఎవరినీ ఓటీపీ అడగలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరి రిటర్నులూ వేయడం లేదు.