జమ్మితో ఇచ్చిన తొంభై నిమిషాలు

పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను. రెండు నిమిషాల నలభై సెకన్ల పాట. అందులో పద్నాలుగు వరుసలు. ఒక్కో వరుసలో ఒక్కో ఆడమనిషి పేరు, ఆమె మీద ఒక చమత్కారం. మధ్యలో రెండుసార్లు దగ్గు. ఒకచోట అందరూ పగలబడి నవ్వడం, దానివల్ల తెగిన వరుసను మళ్ళీ ఎత్తుకోవడం. ఆఖరున బురదలోంచి కాలు తీసిన చప్పుడు. ఇంత వివరంగా ఎలా తెలుసంటే, ఆ ముక్కను తీసేసే ముందు నేను రెండుసార్లు శ్రద్ధగా విన్నాను. ఎక్కడ కోయాలో చూసుకోవడానికి విన్నాను. అందుకే లెక్క గుర్తుంది. మాటలు గుర్తులేవు.

సిద్దిపేటలో ఒక విత్తనాల దుకాణంలో లెక్కలు చూస్తాను. చదివింది పదో తరగతి. కూడికల మీద ఇష్టం నాకు బడిలో కలగలేదు, పాటల వల్ల కలిగింది. నా చిన్నప్పుడు క్యాసెట్లు నింపి ఇచ్చే దుకాణం ఒకటి ఉండేది. కావలసిన పాటలు చిట్టీ మీద రాసిస్తే తొంభై నిమిషాల క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. వైపుకు నలభై ఐదు నిమిషాలు. పాట నిడివి ఎంతో దుకాణంలో ఎవరూ చూసేవాళ్ళు కాదు. టేపు అయిపోయే చోట ఏ పాట ఉంటే అది అక్కడికి తెగిపోయేది. నా మొదటి క్యాసెట్లో నాకు ప్రాణమైన పాట చరణం మధ్యలో టక్కున ఆగిపోయింది. ఇంకోసారి అలా జరగకూడదని, గడియారం ముందు పెట్టుకుని ప్రతి పాట నిడివీ రాసి, కూడి, ఏ వైపూ నలభై ఐదు దాటకుండా చిట్టీ ఇవ్వడం మొదలుపెట్టాను. పాట తెగకుండా ఉండటానికి నేర్చుకున్న లెక్క అది.

క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి, అలవాటు మాత్రం ఉండిపోయింది. దసరా నుంచి దసరా దాకా ఒక ఏడాదిగా పెట్టుకుని, అందులో నచ్చిన పాటలను ఏరి, జమ్మి ఆకుతో పాటు దగ్గరివాళ్ళ చేతుల్లో పెడతాను. ఇప్పుడు అవి పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. అందులోనూ ఏ వైపు, బి వైపు అని రెండు ఫోల్డర్లు, ఒక్కోటీ సరిగ్గా నలభై ఐదు నిమిషాలు. బంగారం పెడుతున్నావా, పాటలు పెడుతున్నావా అని దుకాణంలో వాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు నాకు బాగానే ఉండేది.

నిరుడు ఏరడం కష్టమైంది, అంత మంచి ఏడాది అది. ఒక సినిమా ఆల్బమ్‌లో ఊరంతా రెండో పాటకు చిందులు వేస్తే నాకు ఐదోది నచ్చింది. అందులో వయొలిన్ కాసేపు ఆగి, పాడే ఆవిడ ఊపిరి తీసుకునేదాకా ఎదురుచూస్తుంది. జగదేవ్‌పూర్ వైపు కుర్రాళ్ళు నలుగురు డప్పు తప్ప ఇంకేమీ లేకుండా ఒక జానపద ఆల్బమ్ చేసి యూట్యూబ్‌లో పెట్టారు. దాన్నుంచి మూడు పాటలు తీసుకున్నాను. వర్గల్ గుడి దగ్గర మైకులో విని, ఎవరిదో కనుక్కుని వెతికి పట్టుకున్న వీణ ఒకటి. తొమ్మిది నిమిషాల ఖవ్వాలీ ఒకటి. అందులో నాకు అర్థమైంది సగమే అయినా ఒక్క సెకను తగ్గించడానికి మనసొప్పలేదు. ముగింపు హుషారుగా ఉండాలని బి వైపు చివర్లో ఒక బరాత్ డీజే పాట పెట్టాను. దానికి ముందు మా అత్త పాట.

అత్త అంటే మా బాపు చెల్లెలు. చంద్లాపూర్‌లో ఉంటుంది. నలభై ఏళ్ళు నాట్లు వేసింది, నాటులో పాట ఎత్తేది ఆమే. వాళ్ళ గుంపుకొక పద్ధతి ఉండేది. ఆ ఏటి చివరి మడిలో ఆఖరి కట్ట నారు పట్టుకున్నప్పుడు, పాట ఎత్తే మనిషి మిగిలిన అందరినీ పేరుపేరునా పాటలోకి తేవాలి. వరుస అక్కడికక్కడే కట్టాలి. ఒక ఏడు అన్నది ఇంకో ఏడు అనకూడదు. ఈమధ్య నాట్లకు ఎక్కడెక్కడి నుంచో ముఠాలు వస్తున్నాయి. తమ గుంపుకు ఇదే చివరి నాటని అందరికీ తెలిసిపోయింది. అందుకని అత్త నాకు ఫోన్ చేసి, వచ్చి పాట పట్టుకొమ్మంది. మీ పేర్లు మీకు డబ్బాలో వినిపిస్తానని తోటివాళ్ళకు మాట ఇచ్చిందట. వెళ్ళి గట్టు మీద నిలబడి ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చాను. ఏడు నిమిషాల పది సెకన్లు.

బి వైపు కూడితే నలభై ఏడు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. ఏ పాట తీసేద్దామన్నా చెయ్యి రాలేదు. చివరికి అత్త పాటలో పేర్లు మొదలయ్యే చోటు కనిపించింది. పాట అయిపోయింది, ఇక మిగిలింది పేర్ల వరుసే కదా అనుకున్నాను. కోశాను. నలభై ఐదు బరాబర్ వచ్చింది. ఆ సున్నా సెకన్లను చూసి సంతోషపడ్డాను కూడా. ఏరడం పూర్తయ్యాక ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిపేయడం నా అలవాటు. చెరిపేశాను.

దసరాకు ముందే అత్త గొంతుకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు మాట గాలిలా వస్తుంది. పాట రాదు.

దసరా సాయంత్రం అత్త వాకిట్లో పద్నాలుగు మందిలో పదకొండు మంది కూర్చున్నారు. కొత్త చీరలు కట్టుకొచ్చారు. ఒకామె తన పేరు వినిపించడానికి కోడలిని వెంటబెట్టుకొచ్చింది. నేను అందరి చేతుల్లో జమ్మి పెట్టి, చిన్న స్పీకర్‌కు పెన్‌డ్రైవ్ తగిలించి అత్త పాట దగ్గరికి తెచ్చాను. పాటతో పాటు వాళ్ళూ సన్నగా అందుకున్నారు. నాలుగు నిమిషాలు దాటాక ఒకామె చెయ్యెత్తింది.

"ఇగ మనం వస్తం. సప్పుడు జెయ్యకుండ్రి."

డీజే డప్పు మోగింది.

మొదట నవ్వారు. ఏదో తప్పు నొక్కాననుకుని వెనక్కి పొమ్మన్నారు. వెనక్కి తెచ్చాను. మళ్ళీ అక్కడే తెగింది. అందరికంటే పెద్దామెకు ఒక చెవి వినపడదు. ఆమె పక్కామె మోకాలు తట్టి, "నా పేరు వచ్చిందా?" అని అడిగింది.

నిడివి ఎక్కువైతే కోశానని చెప్పాను.

"అండ్ల జాగ లేకుండెనా అల్లుడా?" అని అడిగింది అత్త.

పెన్‌డ్రైవ్ ముప్పై రెండు జీబీలది. వేల పాటలు పడతాయి. నేను అందులో వేసింది తొంభై నిమిషాలు.

"ఉండె అత్తా."

"ఉన్నంక ఎందుకు కోసినవ్?"

లెక్క కుదరాలని, అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే అది ఎలాంటి మాటో నాకు వినిపించింది. కోడలిని తెచ్చుకున్నామె లేచి చీర దులుపుకుంది. "మడి ఖాళీగుండంగనే నారు గట్టు మీద పారేసినవ్ గదయ్యా" అంది. కోపంగా అనలేదు. మరొకామె, మన కూలి కూడా మేస్త్రీ ఇలాగే కోసేవాడని గుర్తుచేస్తే అందరూ నవ్వారు. నేను స్పీకర్ ఆపే మీట కోసం వెతుకుతూ తల దించుకుని కూర్చున్నాను. అది ముందే ఆపి ఉంది.

ఫోన్ పట్టుకుని సిద్దిపేటలో మూడు దుకాణాలు తిరిగాను. చెరిపిన చోట కొత్త వీడియోలు ఎక్కాయి, ఇక రాదన్నారు. అప్పటి నుంచి ఆదివారాలు చంద్లాపూర్ వెళ్తున్నాను. అత్త ఆ మడిని, ఎవరి పక్కన ఎవరు వంగి ఉన్నారో ఆ వరుసను తలుచుకుంటూ గుర్తొచ్చినవి చెప్తుంది. ఒకామె గురించి అన్నది ఇలా వచ్చింది: "నాటేస్తె తాడు గుంజినట్టు, మాటంటె కట్టె ఇసిరినట్టు." దాన్ని తీసుకెళ్ళి ఆమెకు వినిపిస్తే, అదేనని ఒప్పుకుని, తిట్టినట్టే నవ్వింది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరు పాటలో ఉండాల్సింది, నా రాతలో కాదు.

అలా ఆరు అత్తకు గుర్తొచ్చాయి. మరో ముగ్గురికి ఎవరిది వాళ్ళకు గుర్తుంది. పెద్దామెది మాత్రం అత్తకూ రాలేదు, ఆమెకూ తెలియదు. ఆ రోజు మడిలో ఆమె వినపడని చెవి అత్త వైపు ఉందట.

మిగిలినవాళ్ళకు కొత్త వరుసలు కట్టరాదా అని అత్తను ఒకసారి అడిగాను.

"కడితె గవి నీ కోసం కట్టినయైతయి అల్లుడా. ఆల్లయి ఆల్లకు రావు."

ఈ దసరాకు పాటలు ఏరుతున్నాను గాని, నిడివి కూడడం లేదు. అత్త పాట ఉన్నంతవరకు మొదట పెట్టి, దొరికినవాటిని ఆమె గాలి గొంతుతోనే చెప్పించి దాని వెనకాల చేర్చాను. తొమ్మిది చేరాయి.

ఇవాళ్టికి బాకీ ఐదు.