నిచ్చెన తీసిన రోజు

నందికొట్కూరులో నాకు మోటార్ల రిపేరు షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడం నా పని. చుట్టేంతసేపూ ఎదురుగా కూర్చున్న రైతులకు అబద్ధాలు చెప్పడం నా అలవాటు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో దిగాల్సిన విమానం దారి తప్పి మా కంది చేలో దిగిందనీ, పైలట్‌కు చెంబెడు మజ్జిగ ఇచ్చి నేనే దారి చూపించాననీ ఒకసారి చెప్పాను. "మజ్జిగకు దుడ్లిచ్చినాడా?" అని ఒక పెద్దాయన నిజంగానే అడిగాడు. ఈ నోటి దురద వల్ల నాకెప్పుడూ నష్టం రాలేదు. వచ్చిన నష్టమంతా మా చిన్నాయనకే వచ్చింది.

చిన్నాయన మా నాయన తమ్ముడు. ఎడారి అంచున ఉన్న ఒక యుద్ధ విమానాల దళంలో చాలా ఏళ్లు పనిచేసి ఊరికి వచ్చేశాడు. నిచ్చెన ఎక్కి పైలట్‌కు బెల్టులు బిగించడం ఆయన ఉద్యోగం. ప్రమాదం వస్తే పైలట్‌ను బయటికి విసిరేసే సీటది. నేల మీద ఉండగా పేలకుండా దానికి ఎర్ర రిబ్బన్ల పిన్నులుంటాయి. వాటిని పీకి, అన్నీ పీకేశానని పైలట్ కళ్లెదుట పట్టి చూపించాలి. ఆయన తల ఊపాక కిందికి దిగి నిచ్చెన తీసేయాలి.

ఆ దళాన్ని ఈమధ్యే మూసేశారు. విమానాలు ముసలివైపోయాయి, వాటి బదులు కొత్తవి రాలేదు. జెండా మడిచి అప్పగించడం చిన్నాయన నా ఫోనులో చూశాడు. "అయిపాయ" అన్నాడు, అంతే. తర్వాత కొన్నాళ్లకు ఒక రిటైరైన అధికారి కబురు పెట్టాడు. దళం చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట. పనిచేసినవాళ్లందరూ తలా రెండు పేజీలు పంపాలట, ఏ భాషలో అయినా సరేనట. చిన్నాయనకు చూపు మందగించింది. నన్ను పిలిచాడు.

"నేను చెప్పినట్లే రాయి. నీ కతలు పెట్టాకు."

"నేనేం కతలు పెడ్తా చిన్నాయనా!"

"నాకు తెల్దా? మజ్జిగ తాపినోడివి."

ఆయన చెప్పింది ఒక్క రోజు గురించే. "బెల్టులు బిగిస్తి. పిన్నులు చూపిస్తి. ఆయప్ప తల ఊపె. నిచ్చెన తీస్తి. ఇమానం మళ్లా రాల్యా. పొద్దు గూకేదాకా నిచ్చెన పట్టుకోని ఆడనే నిల్చుంటి."

రెండు పేజీలు అడిగినవాళ్లకు ఇది ఏ మూలకు సరిపోతుంది? మిగతాది షాపులో కూర్చుని నేనే నింపాను. బెల్టులు బిగిస్తుంటే పైలట్ చిన్నాయన భుజం మీద చెయ్యి వేసి, "పొద్దున నా భార్యతో పోట్లాడి వచ్చాను. దిగగానే ఇంటికి పోయి తప్పు నాదేనని చెప్పాలి" అన్నాడని రాశాను. పెద్దగా ఆలోచించి రాసింది కాదు. పొద్దున్నే పెళ్లాంతో మాటామాటా అనుకోకుండా పనికి బయల్దేరిన మగవాణ్ని మా ఊళ్లో నేనింతవరకు చూడలేదు. చిన్నాయనకు చదివి వినిపించేటప్పుడు ఆ ముక్క దాటేశాను.

అందరి రాతలనూ హిందీలోకి మార్చి పుస్తకం అచ్చు వేశారు. ఒక ఆదివారం పొద్దున చిన్నాయనకు ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టింది నేనే. ఉత్తరాది నుంచి, హిందీలో, ఆ పైలట్ భార్య.

"మేము పోట్లాడిన సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మా అత్తగారికి కూడా నేను చెప్పలేదు" అందామె. "ఇన్నేళ్లూ ఆయన కోపంతోనే పోయాడనుకున్నాను. తప్పు తనదేనన్నాడా, నిజంగా?"

చిన్నాయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆమె రెండుసార్లు హలో అంది.

"అన్నారు మేడమ్" అన్నాడు చిన్నాయన.

ఫోన్ పెట్టేశాక కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. రాసిందంతా చదవమన్నాడు, చదివాను. "సచ్చినోని నోట్లో మాట పెడ్తివి కదప్పా" అన్నాడు.

"ఆయమ్మకు నేనే ఫోన్ చేసి నిజం చెప్తా చిన్నాయనా."

"చెప్పు. ఆయమ్మ మొగుడు మళ్లా కోపంతోనే పోతాడు. రెండోతూరి సంపుతావా?"

ఆమె మరుసటి ఆదివారం కూడా ఫోన్ చేసింది. ఆ పై ఆదివారం కూడా. విమానం పోయిన ముందు రోజు ఆయన ఏమన్నాడు, నవ్వాడా, టీ తాగాడా, తన మాట ఇంకెప్పుడైనా ఎత్తాడా అని అడిగేది. పైలట్లతో కబుర్లు చెప్పే ఉద్యోగం కాదు చిన్నాయనది. కానీ తెలియదంటే ఆమెకు మొదటి మాట మీద కూడా అనుమానం వస్తుంది. "రాసియ్యి" అన్నాడు. పాత క్యాలెండర్ కాగితాల వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాసిస్తున్నాను. ఆయన కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివి, హిందీలో చెప్తాడు. అవతల ఆమె నవ్వుతుంది, ఏడుస్తుంది, దీవిస్తుంది.

షాపులో నాకిప్పుడు కత రావడం లేదు. "ఏమప్పా, నోరు గూడ కాలిపాయనా? దానికీ తీగ సుట్టుకో" అని రైతులు ఎగతాళి చేస్తున్నారు. తల ఎత్తకుండా పని చేసుకుంటున్నాను.

పోయిన ఆదివారం ఆమె ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా చిన్నాయన కాగితం పట్టుకునే కూర్చున్నాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవును చిన్నాయనా."

"భుజం మీద సెయ్యేసింది?"

"అదీ నేనే."

తన ఎడమ భుజం తడుముకున్నాడు. "ఆ సెయ్యి బరువు నాకు తెలుస్తాండాది రా. ఈడనే. శానా బరువు." భుజం మీద చెయ్యి అట్లాగే ఉంచి, "మరి ఆ పొద్దు ఆయప్ప నిజంగా ఏం జేసినాడు?" అని అడిగాడు.

అప్పుడు నేను ఐదో తరగతిలో, ఈ నందికొట్కూరులోనే ఉన్నాను.

"తల ఊపినాడు చిన్నాయనా. అంతే" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నమ్మలేదు.